తిరగలిలో వేయని కేక

మూడు వందల ఏళ్ళు తిప్పడానికి మా యంత్రానికి నాలుగు గంటలు పడుతుంది. ఆ రోజు ఉదయం నా చేతిలో ఉన్నవి ఎనిమిది గంటలు. అందులో మూడున్నర దాకా ప్రయాణానికే పోతాయి. మిగిలిందెంతో మీరే చూసుకోండి, నాకు అప్పుడు ఆ తీరిక కూడా లేదు.

ముందు యంత్రం సంగతి చెప్పాలి. దానికి కాగితాల మీద బారెడు పేరుంది. మేము మాత్రం తిరగలి అంటాం. పైనుంచి గుప్పెడు గింజలు పోసి తిప్పితే చుట్టూ పిండి రాలుతుంది కదా, ఇదీ అదే పని చేస్తుంది. ఇక్కడ గింజలు మనుషుల కట్టుబాట్లు, పిండి వాళ్ళ రేపు. నెల్లూరు ఊరిచివర, ఒకప్పటి బియ్యం మిల్లు షెడ్డులో, గోడంత తెర మీద ఇరవై వేల చుక్కలు మెరుస్తుంటాయి. ఒక్కో చుక్క ఒక మనిషి. ప్రతి చుక్కకీ ఆకలి ఉంది, ఆశ ఉంది, పొరుగువాడి ముందు తలవంచుకునే సిగ్గు ఉంది. వాళ్ళకింత నేల, ఇంత నీరు, ఇంత వాన ఇస్తాం. ఎవరి సొత్తు ఎవరికి పోవాలి, తగువు ఎవరు తీర్చాలి, ఎవరి మాట చెల్లాలి అన్నవి చెప్పి వదిలేస్తాం. ఆపైన వాళ్ళ బతుకు వాళ్ళది. మేం టీ తాగుతూ చూస్తుంటాం.

దీన్ని కట్టింది రజియా మేడమ్. కర్నూలు మనిషి. అరవై దగ్గర పడుతున్నా మెట్లు రెండేసి ఎక్కుతారు. పదేళ్ళ పాటు అందరూ ఆవిడను పిచ్చిదన్నారు. బొమ్మలాట ఆడుకుంటోంది అన్నారు. ఆ నోళ్ళు మూతపడిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒకే నది, రెండు ఒడ్లు పెట్టారు మేడమ్. అదే మట్టి, అదే వాన, మొదటి వెయ్యి మందీ అచ్చం ఒకేలాంటివాళ్ళు. ఎడమ ఒడ్డున తగువు తీర్చేవాళ్ళని ఏటేటా చీటీ వేసి మార్చాలన్నారు. కుడి ఒడ్డున రాజుగారి బావమరిదే ఎప్పటికీ తీర్పరి. అంతే తేడా. రెండు వందల ఏళ్ళకి ఎడమ ఒడ్డున ఓడలు కట్టారు, అద్దాలు పోశారు, ఏదో ఒక చుక్క నీళ్ళగడియారం కూడా చేసింది. కుడి ఒడ్డున కొట్లాటలకు భయపడి ధాన్యం గోతుల్లో దాచుకుంటున్నారు. తర్వాత ఆ ఒక్క కట్టుబాటునీ అటుదిటు, ఇటుదటు మార్చి మళ్ళీ తిప్పారు. అదృష్టం కూడా ఒడ్డు మారింది. మేడమ్ కుర్చీ ఎక్కి నిలబడి ఈల వేశారు. నేనూ వేశాను, నాకు రాకపోయినా.

అప్పుడే ఒక ప్రభుత్వ ఆఫీసు మా గుమ్మం తొక్కింది. తీరం ఊళ్ళ వ్యవహారాలు చూసే ఆఫీసు అది. వాళ్ళు అడిగిన ఊరు మా ఊరే.

నా పేరు కనకవల్లి. మాది గవ్వలదిబ్బ. పులికాట్ సరస్సులో చిన్న దీవి. నూట పన్నెండు గడపలు, అన్నీ వలల మీద బతికేవే. చుట్టుపక్కల నీళ్ళలో రొయ్య బాగా పడే చోట్లు పద్నాలుగే ఉన్నాయి. అందుకని ఎప్పటినుంచో వంతు కట్టుబాటు ఉంది. ప్రతి అమావాస్యకీ పేర్లు రాసిన చీటీలు మట్టికుండలో వేసి తీస్తారు. ఈసారి మంచి చోటు దొరికినవాడు పైసారి ఓపిక పట్టాలి. ఆ కుండ మా నాయన ఆరుముగం దగ్గరే ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేయి తప్ప వేరే చేయి అందులో పడలేదు.

ఆఫీసువాళ్ళ ఆలోచన వేరు. ఆ పద్నాలుగు చోట్లనీ ముప్పై ఏళ్ళకి వేలం వేస్తారు. పాడుకున్నవాడు తన చోటుని తనదిగా చూసుకుంటాడు, మంచి వలలు తెస్తాడు, ఐసు గది కడతాడు, ఊరికి పని దొరుకుతుంది. ఇందులో దుర్మార్గమేమీ లేదు. ఆఫీసరు నెమ్మదస్తుడు. "మీ తిరగలిలో రెండూ తిప్పండి. ఏది నిలబడితే దానికే మేం కట్టుబడతాం" అన్నాడు.

మా ఊరు, నా యంత్రం. ఎగిరి గంతేశాను. తొమ్మిది రోజులు నాయన పక్కన కూర్చుని వంతు నియమాలన్నీ రాసుకున్నాను. పడవ చెడితే ఏం చేయాలి, ఇంట్లో చావు జరిగితే వంతు ఎవరికి పోవాలి, అన్నదమ్ములు వేరుపడితే చీటీ ఒకటా రెండా. మొత్తం నలభై ఒక్క నియమాలు. మేడమ్ కూడా ఒకరోజు చూడ్డానికి వచ్చారు. పొద్దున పడవలు ఒడ్డు చేరే వేళ అది. దిగినవాళ్ళు దిగినట్టే గొంతెత్తి అరుస్తున్నారు.

"ఎందుకే వల్లీ అట్ల అరుస్తాండారు? కొట్లాటనా?" అని అడిగారు మేడమ్.

నాకు నవ్వొచ్చింది. "కొట్లాట లేదు, పాడూ లేదు మేడమ్. ఒడ్డుకొస్తే అరుస్తారు, అంతే. రండి, ఎండ్రకాయల పులుసు చల్లారిపోతోంది" అన్నాను.

ఆ పులుసు ఇప్పుడు తలుచుకున్నా నాకు గొంతు దిగదు.

తిప్పితే వంతు ఊరు ఓడిపోయింది. ఘోరంగా ఓడిపోయింది. అరవయ్యో ఏటికి వేలం ఊరి సంపద మూడింతలైంది. వంతు ఊళ్ళో అందరూ సమానంగానే ఉన్నారు, సమానంగా బీదగా. నూట ఇరవయ్యో ఏటికి సగం చుక్కలు ఊరొదిలేశాయి. నేను మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. కానీ చదువుకున్నదాన్ని కదా, ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా అని రాశాను. ఊరికెళ్ళి షామియానా కింద నిలబడి నేనే చదివాను. అందరూ నాయన ముఖం చూశారు. ఆయన చాలాసేపు కండువా మడతలు పెట్టుకుంటూ కూర్చుని, చివరికి ఒకటే మాట అన్నాడు. "నా బిడ్డ చెప్పింది. నా బిడ్డ అబద్ధం చెప్పదు."

ఊరు ఒప్పుకుంది. వేలిముద్రలకి రోజు పెట్టారు. ఆ రోజే నేను చెప్తున్న రోజు.

ఉదయం ఏడున్నరకి నాయన ఫోన్ చేశాడు. నేను షెడ్డులో కాఫీ కలుపుకుంటున్నాను.

"మే, సాయంత్రం నాలుక్కి యేలిముద్రలంట. నువ్వు రాకపోయినా పర్లేదులే. ఆఫీసరు నీ రిపోర్టే ఇంకోసారి చదవతానన్నాడు."

వెనక నుంచి ఎవరిదో గొంతు గట్టిగా వినిపించింది. "కొంగల గట్టు. మూడు తట్టలు. రొయ్య చిన్నది. నీళ్ళు తీపి దిగినాయి." దాని వెనకే పదిమంది గొంతులు కలిసి "ఇన్నాం" అన్నాయి.

"నాయనా, సరిగా వినపడ్డంలా. ఆ గోలేంది?"

"ఏముండాది, పడవలొస్తుండాయి. ఇంకెన్నాళ్ళులే ఈ గోల. ఏలం వచ్చినాక ఎవుడరస్తాడు? దుడ్లు కట్టి కొనుక్కున్న సోటు సంగతి ఊరందరికీ చెప్పేదానికి వాడికేమన్నా పిచ్చా?" అని నవ్వాడు నాయన. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "సరేలే మే, ఉంటా. కుండ కడగాల. ఆఫీసుకి అప్పజెప్పమన్నారు గదా."

ఫోన్ పెట్టేశాడు. నేను చెంచా పట్టుకుని అలాగే నిలబడ్డాను.

మా ఊళ్ళో ఒడ్డు దిగినవాడు వల దించకముందే కేక వేయాలి. ఎక్కడ వేశాడు, ఎంత పడింది, ఎలాంటిది పడింది, నీళ్ళు ఎలా ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు విన్నట్టుగా "ఇన్నాం" అనాలి. అబద్ధం చెప్పినవాడి కేకకి మర్నాడు ఎవరూ పలకరు. అంతకు మించిన శిక్ష మా ఊళ్ళో లేదు, ఉందని నేను వినలేదు. ఏమీ పడకపోయినా సరే, "వట్టి వల" అని అరిచి తీరాలి. చిన్నప్పుడు నేను వట్టి వల కేక విని నవ్వితే నాయన నా చెవి మెలిపెట్టాడు. "అన్నిట్లోకీ విలువైన కేక అదేనే. యాడికి పోగూడదో చెప్పేది అదొక్కటే" అన్నాడు.

నలభై ఒక్క నియమాల్లో కేక లేదు.

నేనే రాయలేదు. నాయనా చెప్పలేదు. ఊపిరి పీల్చుకోవడం గురించి ఎవరైనా నియమాల్లో రాస్తారా? బయటివాళ్ళయితే రాసేవాళ్ళు. వచ్చిన ఆ ఒక్కరోజే అడిగిన బయటి మనిషికి నేను పులుసు చూపించి నోరు మూయించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మేడమ్ వచ్చేసరికి నేను సగం టైపు చేసేశాను. విషయం చెప్పగానే ఆవిడ చేతిసంచి బల్ల మీదకి విసిరేశారు.

"యాడ పెట్టుకున్నావే బుర్ర? ఆ పొద్దు నేనడిగితిని కదా."

"అడిగారు మేడమ్. తిట్లు తర్వాత తిడుదురు గాని, ముందు ఇది చూడండి. రెండు ఊళ్ళకీ కేక ఇస్తున్నాను. వేలం ఊరికి కూడా ఇస్తున్నాను. లేకపోతే నా ఊరి పక్షం వహించానంటారు."

"మీ నాయనకి ఫోన్ చేసి ఆపమని చెప్పరాదూ?"

"ఏమని చెప్పాలి? అనుమానమని చెప్పాలా? మా ఊళ్ళో వల వేయకుండా కేక వేయకూడదు మేడమ్."

ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఎనిమిది గంటలకి మీట నొక్కాం.

మొదట్లో తేడా ఏమీ లేదు. ఎడమవైపు వంతు ఊరు, కుడివైపు వేలం ఊరు. చుక్కలు పడవలెక్కి పోతున్నాయి, వస్తున్నాయి, ఒడ్డు దిగి కేక వేస్తున్నాయి. కేక వేసినప్పుడల్లా చుక్క ఒకసారి పసుపు పచ్చగా వెలిగి ఆరుతుంది, నేనే అలా పెట్టాను. రెండు ఒడ్లూ పొద్దున్నే పసుపు పచ్చగా మెరుస్తున్నాయి.

కుడివైపు మెరుపులు తగ్గడం మొదలైంది. నాలుగో ఏట చోటు పాడుకున్న ఒక చుక్క పొట్టి కేక వేసింది, ఎంత పడిందో చెప్పి ఎక్కడో చెప్పలేదు. ఆరో ఏట అలాంటివి సగం. ఎవరూ నిషేధించలేదు. ఎవరూ ఎవరితోనూ తగువు పడలేదు. పదకొండో ఏడు వచ్చేసరికి కుడి ఒడ్డు మీద ఒక్క పసుపు చుక్క కూడా వెలగలేదు. ఒడ్డు మూగదైపోయింది.

"మూగదైతే ఏమాయె? సంపద చూడు" అన్నారు మేడమ్.

చూశాను. అరవయ్యో ఏట వేలం ఊరు మళ్ళీ మూడింతల మీదుంది. ఐసు గదులు, పెద్ద పడవలు, రెండంతస్తుల ఇళ్ళు. అయితే నేను రాసింది నిజమే. కేక ఉన్నా లేకున్నా ఒకటే. నాయన కడిగిన కుండ ఆఫీసు బీరువాలోకి పోవాల్సిందే.

"వల్లీ, ఎడమ పక్క ఏందది?"

ఎడమ ఊళ్ళో ఒక చుక్క పడవెక్కలేదు. కేకలు వినే చోట రోజూ కూర్చుంటోంది. నలభై ఏళ్ళ కేకలు ఆ ఊరి తలల్లో పేరుకుని ఉన్నాయి, తల్లి చెప్పినవి, తాత చెప్పినవి. ఆ చుక్క వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. ఊరి పక్కనుండే ఉప్పుకాలువలో నీళ్ళు తీపి దిగిన, అంటే ఉప్పు తగ్గిన ఏడాది, మూడు నెలల తర్వాత పద్నాలుగు చోట్లా రొయ్య బలంగా పడుతోందని కనిపెట్టింది. రొయ్యపిల్ల అక్కడ పెరుగుతోందన్నమాట. ఆ చుక్క ఊరిని కూర్చోబెట్టింది. ఆ ఏటినుంచి ఉప్పుకాలువలో రెండు నెలలు వల వేయకూడదని ఊరు కట్టుబాటు పెట్టుకుంది. మేం చెప్పలేదు. మా నలభై రెండు నియమాల్లో అది లేదు.

మేడమ్ నా భుజం పట్టుకున్నారు. గోళ్ళు దిగుతున్నా నా కళ్ళు తెర మీదే ఉన్నాయి.

ఎనభై ఎనిమిదో ఏట కుడివైపు ఒక చోట రొయ్య పడ్డం ఆగింది. కేకలో నీళ్ళ సంగతి ఉంటుంది కాబట్టి ఉప్పు, తీపి లెక్క ఈసారే ఎక్కించాను, మొదటిసారి తిప్పినప్పుడు రొయ్య ఎక్కడా తరగలేదు. పాడుకున్న చుక్క తన ఖర్మ అనుకుని ఇంకా సన్నని వల తెచ్చింది, ఎవరికీ చెప్పలేదు. తర్వాత దాని పక్కచోటు ఎండింది. ఆ చుక్కా చెప్పలేదు. తొంభై అయిదుకి పద్నాలుగులో తొమ్మిది ఖాళీ. ఎవరికి వాళ్ళు తమకొక్కరికే కష్టం వచ్చిందనుకుని నోరు మూసుకున్నారు. నూట ఇరవైకి ఐసు గదులు పాడుబడ్డాయి, చుక్కలు ఒక్కొక్కటే తెర అంచు దాటి వెళ్ళిపోయాయి.

ఎడమవైపు అదే నూట ఇరవయ్యో ఏట పడవలు కట్టే షెడ్లు లేచాయి. చుట్టుపక్కల ఊళ్ళు నీళ్ళ సంగతి తెలుసుకోవడానికి గవ్వలదిబ్బకి రావడం మొదలుపెట్టాయి. నూట అరవైకి బడి. రెండు వందలకి సముద్రంలోకి పోయే ఓడలు. సంపద గీత తెర పైకి పాకుతూనే ఉంది. మేడమ్ మళ్ళీ కుర్చీ ఎక్కేశారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

"మొదట ఆ కాలువ కనిపెట్టింది ఎవరే? వాడి పేరేంది? చూడు, చూడు" అన్నారు మేడమ్ పైనుంచే.

ఆ చుక్క మీద నొక్కాను. వివరాలు వచ్చాయి. నా నవ్వు ఆగిపోయింది.

"మేడమ్, అది ఆడమనిషి."

"ఆడమనిషైతే ఏం?"

"రొయ్యలు అమ్మడానికి సంతకి పోయే మనిషి. సంతలో చూసింది కూడా ఒడ్డున కేక వేసి చెప్పింది. మా ఊళ్ళో ఆడవాళ్ళు కేక వేయరు మేడమ్. వల వేసినవాడిదే కేక. ఆడవాళ్ళకి కుండలో చీటీ లేదు, ఒడ్డున గొంతు లేదు. పొద్దున తొందరలో ఆ సంగతి రాయడం మరిచిపోయాను. ఇది మా ఊరు కాదు."

మేడమ్ కుర్చీ దిగారు. గడియారం పన్నెండు కొట్టింది. ఆడవాళ్ళ నోరు కట్టేసి మళ్ళీ తిప్పడానికి ఇంకో నాలుగు గంటలు లేవు.

"అయితే ఇప్పుడు మన దగ్గరుండేది ఏంది?" అని అడిగారు.

"నేను రాసిచ్చిన రిపోర్టు తప్పని తెలుసు. అంతవరకే తెలుసు."

"వచ్చే నెల మన తిరగలికి అయిదేళ్ళ మంజూరు సంతకం కావాల. సంతకం పెట్టాల్సింది ఆ ఆఫీసే." మేడమ్ చేతిసంచి సర్దుకుంటూ ఆ మాట చాలా మామూలుగా అన్నారు. పదేళ్ళు బియ్యం మిల్లులో ఎలకలతో కాపురం చేసిన మనిషి ఆవిడ.

"ఏమే అట్ల నిలబడినావు? మనం నోరు మూసుకుంటే మనదీ పదకొండో ఏడే కదా. నడువు."

నాయనకి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఊరు కూర్చున్నప్పుడు ఫోన్లన్నీ ఒక తట్టలో వేసి పక్కన పెట్టడం మా వాళ్ళ అలవాటు. ఆ తట్టలో మోగుతూ ఉంటుంది. ఆఫీసరుకి చేస్తే, దీవి మీద ఆయనకి సిగ్నలే లేదు. కారులో రెండు గంటలు ఎవరితో ఏం మాట్లాడానో గుర్తులేదు. రేవులో మోటారు పడవ మాట్లాడుకుని ఎక్కాం. మేడమ్‌కి నీళ్ళు పడవు. సగం దారిలో పడవ అంచు పట్టుకుని కక్కుతూ, మధ్యలో తల ఎత్తి, "మీ వాళ్ళు నమ్ముతారా?" అని అడిగారు.

"నా మాట నమ్మే కదా మేడమ్ ఇంతదూరం వచ్చారు. ఇప్పుడు అదే నోటితో కాదంటే ఏమంటారో."

"కాగితం రాసుకో, చదువుదువు."

కాగితం తీశాను. నాలుగు వాక్యాలు రాశాను. అన్నీ ఆఫీసు మాటలే వచ్చాయి. చించి నీళ్ళలో పారేశాను.

మూడూ యాభైకి దీవి కనిపించింది. ఒడ్డుకి వంద గజాల ముందే పడవ బురదలో దిగబడింది. ఎండకాలం నీళ్ళు అంతే. పడవవాడు గడ వేసి తోస్తున్నాడు, కదలడం లేదు. షామియానా తెల్లగా కనిపిస్తోంది. కింద బల్ల, బల్ల మీద కాగితాలు, సిరా డబ్బా. ఊరంతా నేల మీద కూర్చుంది. నాయన బల్ల ముందుకి నడుస్తున్నాడు. చంకలో కుండ ఉంది. ఆఫీసరు ఆయన కుడిచేయి పట్టుకుని బొటనవేలు సిరాలో అద్దాడు.

నేను నీళ్ళలోకి దూకాను. మోకాళ్ళ దాకా బురద. అడుగు తీసి అడుగు వేయడం అవుతోంది గాని నడక సాగడం లేదు. ఇంత దూరం నుంచి మామూలుగా పిలిస్తే ఎవరికీ వినిపించదు. అప్పుడు తట్టింది నాకు. నేను ఒడ్డు దిగుతున్న మనిషిని. నా వల నా దగ్గరుంది.

గుండె నిండా గాలి పీల్చుకుని, చిన్నప్పటినుంచి రోజూ విని ఒక్కసారీ అననిది అన్నాను.

"తిరగలి. మూడు నూర్ల ఏళ్ళు. కేక మరిసి వల ఏసినా. నేను చెప్పింది తప్పు. వట్టి వల."

షామియానా కింద తలలన్నీ ఇటు తిరిగాయి. నాయన వేలు కాగితానికి జానెడు దూరంలో ఆగింది. ఎవరూ పలకలేదు. పలకకపోతే ఆ కేక వేసినట్టు కాదు. ఆడమనిషి కేకకి పలకాలో వద్దో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఎప్పుడూ అవసరం రాలేదు. మగవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇంకోసారి అరిచాను, ఈసారి గొంతు చీరుకుపోయింది.

"వట్టి వల, నాయనా."

రొయ్యల తట్టల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళలోంచి ఒకావిడ లేచింది. మా మేనత్త ముత్యాలమ్మ. నలభై ఏళ్ళుగా తట్ట నెత్తిన పెట్టుకుని సూళ్ళూరుపేట సంతకి పోయి వచ్చే మనిషి. చేతులు చీరకి తుడుచుకుని, నింపాదిగా అంది.

"ఇన్నాం."

ఆమెకీ ఆ మాట అనే హక్కు లేదు. నాయన చెల్లెలి వైపు తిరిగాడు. తర్వాత నా వైపు. తర్వాత సిరా అంటిన తన వేలు చూసుకున్నాడు. కుండని రెండు చేతులా గుండెకి పట్టుకుని, ఇరవై రెండేళ్ళుగా అమావాస్య నాడు పేర్లు చదివే గొంతుతో అన్నాడు.

"ఇన్నాం."

అప్పుడు ఒడ్డంతా పలికింది. నేను బురదలోనే కూలబడ్డాను. వెనక పడవలో మేడమ్ ఈల వేశారు.

ఆఫీసరు నేను బయటికి వచ్చేదాకా ఆగాడు. అంతా చెప్పాను. తెర మీద చూసింది, చూడనిది, ఆడవాళ్ళ సంగతి మరిచిపోవడం, అన్నీ. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అయితే వంతే మంచిదంటారా?"

"తెలియదు సార్. ఇప్పుడున్న వంతు గురించి నాకింకా తెలియదు. వేలం వస్తే ఈ ఒడ్డు మూగదవుతుందని తెలుసు. అది తెలిసీ వేలిముద్ర వేయించుకుంటానంటే మీ ఇష్టం."

ఆయన నాయన వైపు చూశాడు. నాయన వేలికున్న సిరాని కండువాకి రాసుకుంటూ, "ఇయ్యాల కాదులే సార్. మేం మళ్ళీ కూర్చోవాల. కుండలో పేర్లు తక్కువ పడినట్టుండాది" అన్నాడు.

ఇంక అందరూ లేస్తారనుకున్నాను. ముత్యాలమ్మ అత్త మాత్రం లేచినచోటే నిలబడి ఉంది. చెంగు నడుముకి దోపుకుని, నీళ్ళ అంచు దాకా నడిచి వెళ్ళి, ఊరి వైపు తిరిగింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

"సూళ్ళూరుపేట సంత. చిన్న రొయ్య ఎవురూ అడగడంలా, మూడేళ్ళయింది. పెద్దదానికోసం కాసుకోనుండారు. మీరు చిన్నది పట్టేది ఆపండి."

"ఇన్నాం" అన్నాడు నాయన.

అత్త ఆగలేదు. ఏ నెలలో ఏ కాలువ రొయ్య త్వరగా మెత్తబడుతుందో, ఏ ఊరివాళ్ళు ఉప్పుచేప ఎలా ఎండబెడుతున్నారో, నలభై ఏళ్ళుగా తట్టతో పాటు మోసుకుని తిరిగినవన్నీ ఒక్కొక్కటే దించుతోంది. ప్రతిదానికీ ఒడ్డు పలుకుతోంది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చెంగులు దోపుకుంటున్నారు. ఆఫీసరు కాసేపు చూసి, బల్ల మీది కాగితం ఒకటి వెనక్కి తిప్పి, అత్త చెప్పేది రాసుకోవడం మొదలుపెట్టాడు. మూత పెట్టడం ఎవరికీ గుర్తులేక సిరా డబ్బా ఆ ఎండకి ఆరిపోయింది.